తలాంతులు పాతిపెట్టే పద్ధతి

పక్క ఊరి సంఘానికి కార్యదర్శివి అయ్యావని తెలిసింది, తమ్మీ. సంతోషం. ఎడపల్లిలో నేను ఈ కుర్చీలో కూర్చుని పంతొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో మా సంఘానికి ఒక్క మనిషి పెరగలేదు, ఒక్క గొడవా రాలేదు. ఇదెలా సాధించావన్నా అని అడిగావు గనుక చెబుతున్నాను, రాసిపెట్టుకో.

ముందు మత్తయి 25వ అధ్యాయంలో తలాంతుల ఉపమానం మళ్లీ చదువు. యజమాని దగ్గర ఐదు తీసుకున్నవాడూ రెండు తీసుకున్నవాడూ వ్యాపారానికి దిగారు. మునిగిపోయి ఉంటే? తలాంతంటే మాటలా, సుమారు 6000 దేనారాలు, కూలివాడికి ఇరవై ఏళ్ల సంపాదన. అంత సొమ్మును చెక్కుచెదరకుండా పాతిపెట్టి, అడగగానే తవ్వి తెచ్చిన మూడోవాడిని మించిన కోశాధికారి నీకు ఎక్కడ దొరుకుతాడు? చివర్లో యజమానికి కొంచెం కోపం వస్తుంది, ఆ వచనాలు గబగబా చదివేయ్. మన పనీ అదే. ఎవరి దగ్గర ఏ వరం ఉందో కనిపెట్టడం, లోతుగా గొయ్యి తీయడం.

మా వాళ్లనే చూడు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతబడ్డాక ఇంటికొచ్చిన ఫిట్టర్ ఒకాయన ఉన్నాడు. చెరుకు సీజన్లో మిషను చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడట. మా గుడి ఫ్యానేమో మూడేళ్లుగా కటకటమంటూ ప్రసంగంతో పోటీపడుతోంది. "అన్నా, ఒక నిచ్చెన ఇప్పియ్యి, నేను జూస్త" అన్నాడు. "కమిటీలో పెడదాం" అన్నాను. ఈ మాట బట్టీ పట్టు, తమ్మీ. ఔననలేదు, కాదనలేదు. కమిటీ కూర్చున్నప్పుడల్లా కొటేషన్లు తెప్పిద్దామని తీర్మానం రాశాం. మూడో ఏడుకు ఆయన అడగడం మానేశాడు. ఫ్యాను మాత్రం మానలేదు.

బీడీలు చుట్టే అక్క ఒకామె ఉంది. వెయ్యి బీడీలు చుట్టి, కట్టకు పాతిక చొప్పున నలభై కట్టలు కట్టి చాట దించితే, కార్ఖానాలో ఎవరు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కటి తగ్గదు. ఇచ్చిన తునికాకులో ఎంత మిగలాలో కూడా ముందే చెబుతుంది. అటువంటి మనిషిని కానుకల లెక్క దగ్గరికి రానిచ్చావో, నీ పని అయిపోయినట్టే. ఆమెకు ప్రేమవిందులో ఉల్లిగడ్డలు కోసే పని ఇచ్చాను, ఉల్లిగడ్డ ఆమె కళ్లకు పడదని తెలుసుకున్నాకే. ఎవరికి ఏది చేతకాదో అదే అప్పజెప్పాలి. యాభైమందికి ఒంటిచేత్తో వండే చిన్నమ్మను సండే స్కూల్లో పెట్టాను. పిల్లలంటే ప్రాణంపెట్టే టీచరమ్మకు జనరేటర్లో డీజిల్ పోయమన్నాను. ఇద్దరూ నెల తిరగకముందే తప్పుకున్నారు. "మనదాంట్ల పని జేసేటోళ్లు ఏరీ, అయ్యగారూ" అని పాస్టరయ్య దగ్గర గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. అబద్ధం ఏముంది అందులో?

కొత్తవాళ్లు వస్తే ఇంకా జాగ్రత్త. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా నుంచి రైతులు వచ్చి కాలువల వెంట క్యాంపులు కట్టుకున్నారు కదా, ఆ క్యాంపుల్లోంచి ఒక కుటుంబం మా గుడికి వచ్చింది. పెద్దాయన డోలక్ పట్టుకుంటే గోడలు కూడా తల ఊపుతాయి. కాకపోతే మనం సాగదీసి పాడే కీర్తనను వాళ్లు దరువు పెంచి పాడతారు. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాను, డోలక్ ఆగింది. ఆరాధనయ్యాక గుమ్మంలో నిలబడి మూడు ప్రశ్నలు వేశాను. ఏ ఊరు? అంతకుముందు ఏ ఊరు? ఎవరి తాలూకు? అసలు అడగదలచుకున్నది మూడోదే. వాళ్లకూ అది అర్థమవుతుంది. కులం బాప్తిస్మపు నీళ్లలోనే పోయిందని పుల్పిట్ మీద చెబుతారు. చాపల మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో కింద ఉన్న మనకు తెలుసు. చేయి కలిపి వందనాలు చెప్పు, నవ్వు, పేరు మాత్రం అడగకు. పేరు తెలిస్తే రేపు పని చెప్పాల్సి వస్తుంది.

ఎవరో ఒకరు నీకు డిచ్‌పల్లి కథ చెబుతారు. 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ వైద్యం, ఆమె భర్త జార్జి కెర్ పాదిరి, డబ్బిచ్చిన నర్సాగౌడ్‌గారు హిందువు. ఊరు ముట్టనివాళ్లకు ఆమె చాల్‌మూగ్రా నూనె సూదులు వేసింది. నేనే అప్పుడు కార్యదర్శినైతే గౌడ్‌గారిని ముందు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగేవాణ్ని, డాక్టరమ్మను స్త్రీల కూడికలో టీ కాచమనేవాణ్ని, సూదులు పాదిరిగారితో వేయించేవాణ్ని. జిల్లాకు అంత పెద్ద ఆసుపత్రి తలనొప్పి ఉండేదే కాదు. మెదక్ గుడి ఊసెత్తితే, కరువులో అన్నం కోసం వచ్చి ఆ రాళ్లు మోసినవాళ్లలో చందా కట్టిన సభ్యులెందరని అడుగు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 12వ అధ్యాయం కూడా ఇబ్బందికరమైనదే. దేహం, అవయవాలు అంటూ పోతుంది. తల అనే మాట వచ్చినచోట గొంతు పెంచి చదువు. తల పాదాలతో ఏమనకూడదో చెప్పే చోట దగ్గు.

ఇక గుడి తాళంచెవి. ఇందులో నేనొక పొరపాటు చేశాను. మొన్న కోతపండుగ ఆదివారం నాకు జ్వరం. తాళంచెవి మొలతాడుకే ఉంది. గుడి తెరుచుకోకపోతే నేనెవరో అందరికీ తెలిసొస్తుందని దుప్పటి ముసుగేసుకున్నాను. పదిన్నరకు డోలక్ వినబడింది, దరువు పెంచి. గుడి ముందు వేపచెట్టు కింద కూర్చున్నారట. ఫిట్టరాయన ట్రాక్టరు బ్యాటరీకి మైకు తగిలించాడట. పిల్లలంతా టీచరమ్మ చుట్టూ, పొయ్యి దగ్గర చిన్నమ్మ. గుమ్మడికాయలు, కోళ్లు, పసుపు కొమ్ములు, ఎవరి పొలం నుంచో నాలుగు చెరుకు గడలు. క్యాంపు పెద్దాయన వేలం వేస్తే నిరుడు వందకు పోయిన కోడి నాలుగు వందలు పలికిందట.

సాయంత్రం నాకు గిన్నెలో కూర పంపారు, జ్వరం మనిషి గదా అని కారం తగ్గించి. కింద మడతపెట్టి బీడీల అక్క రాసిన లెక్క కాగితం. మూడుసార్లు కూడి చూశాను. రూపాయి తేడా లేదు.

కాబట్టి తమ్మీ, మీ గుడి ఆవరణలో చెట్టుంటే ముందు దాన్ని కొట్టించెయ్. మేమూ వచ్చే కమిటీలో పెడుతున్నాం. ఊళ్లో మంచి గొడ్డలి ఆ ఫిట్టరాయన దగ్గరే ఉందట. ఏమని అడగాలో తోచడం లేదు.