చెట్టు నాటాక వెనక్కి చూడకండి

అగ్రోఫారెస్ట్రీలో వాతావరణ మార్పుల మీద పరిశోధనకు కొత్తగా చేరిన పిల్లలు నా గదికొచ్చి, "సార్, ఈ ఉద్యోగంలో ఎలా నెగ్గుకురావాలి?" అని అడుగుతుంటారు. రాయలసీమ మెట్ట చేలల్లో ఇన్నేళ్ళు మట్టి తొక్కినవాణ్ణి, నాలుగు ముక్కలు చెప్పకపోతే ఎలా? ఈ సలహాలు పాటించినవాళ్ళలో ఎవరికీ ప్రమోషన్ ఆగలేదు. చెట్ల సంగతంటారా, అది వేరే శాఖ.

ముందు ముహూర్తం చూసుకోవాలి. మొక్క నాటాలంటే వాన రావాలని పాత పుస్తకాల్లో ఉంటుంది. నమ్మకండి. రావాల్సింది ముఖ్య అతిథి. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఒక వానకీ ఇంకో వానకీ మధ్య ఒక్కోసారి నెల పైన ఎండ కాసేస్తుంది. మీరు మాత్రం రిపోర్టులో సగటే రాయండి. సగటు ఎప్పుడూ ఎండిపోదు. ఎండాకాలంలోనే గుంత తీసి పెట్టుకోవడం, పశువుల ఎరువు కలపడం, మేకలకు అందకుండా చుట్టూ కంప కొట్టడం, ఇవేవీ ఫొటోలో కనపడవు కాబట్టి అనవసరం. సుబాబుల్ ఆకు మేకలకు ఎంత మంచి మేతో మనవాళ్ళు పేపర్లు రాశారు. అవి మీరు చదవకపోయినా ఫరవాలేదు, మేకలకు తెలుసు.

ఇక కొలతలు. నిజాయితీకి పోయి కుర్రవాళ్ళు చెడిపోయేది ఇక్కడే. చెట్టులో ఎంత కార్బన్ ఉందో తెలుసుకోవడానికి దాన్ని నరికి తూచనక్కర్లేదు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మన గుండె ఎత్తున, కాండానికి టేపు చుట్టి, వచ్చిన అంకెతో సమీకరణం కడితే బరువు తేలుతుంది. ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. అయితే టేపు చూపించేది చుట్టుకొలత, చాలా సమీకరణాలు అడిగేది వ్యాసం. మధ్యలో 3.14తో భాగించాలి. ఆ ఒక్కటీ మరిచిపోండి. వ్యాసం పెరిగితే బరువు సుమారు రెండున్నర ఘాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, ఒక్క భాగహారం ఎగ్గొడితే చెట్టు పదిహేడు రెట్లు బరువెక్కుతుంది. ఏ ఎరువూ ఇంత పని చేయదు! అదీ చాలదనిపిస్తే కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చండి. 44ను 12తో భాగిస్తే 3.67, ఇంకో అన్ని రెట్లు కలిసొస్తాయి. ఏ గడిలో ఏది రాశారో మాత్రం కింద చెప్పకండి.

తుమ్మచెట్టు మోకాలి ఎత్తులోనే మూడుగా చీలితే మూడు కాండాలనూ విడివిడిగా కొలవాలంటారు. చీలిక కింద ఉబ్బిన చోట ఒక్కసారి చుట్టేస్తే సరిపోతుంది, ముళ్ళూ గుచ్చుకోవు. సమీకరణం ఎక్కడిదని అడిగేవాళ్ళు అరుదు. ఏదో తేమ అడవిలో పెరిగిన చెట్లను నరికి తూచి కట్టిన సమీకరణాన్ని, ఏటేటా మేతకీ పొయ్యిలోకీ కొమ్మలు కొట్టించుకునే గట్టు మీది వేపకు నిశ్చింతగా వాడుకోండి.

మట్టిలో కార్బన్ కొలవడం ఇంకా సుఖం. మొక్కలు నాటకముందే ఓసారి మట్టి తీసి పరీక్ష చేయించి పెట్టుకోవాలని ఛాదస్తులు చెబుతారు. ఆ పని మాత్రం చేయకండి. మొదటి లెక్కంటూ ఉంటేనే కదా, ఐదేళ్ళ తర్వాత ఏమీ పెరగలేదని బయటపడేది! ఆగర్ 15 సెంటీమీటర్లు దిగగానే ఆపేయండి. ఎండాకాలంలో ఎర్రనేల రాయిలా ఉంటుంది. అంతకంటే లోతున వేళ్ళు ఏం చేసుకుంటున్నాయో వాటి ఇష్టం. నమూనా మాత్రం చెట్టు మొదట్లో తీయండి. ఆకు రాలే చోటు అదే, మధ్యాహ్నం ఆవులు నీడకు చేరి పేడ వేసేదీ అక్కడే.

దిగుబడి కొలిచేటప్పుడు చెట్టుకు దూరంగా జరగాలి. గట్టు మీద జామాయిల్ ఉంటే పక్క సాళ్ళలో వేరుశనగ గిడసబారి ఉంటుంది. ఆ సాళ్ళు వదిలేసి చేను నడిమధ్యలో కోయించండి. మట్టి చెట్టు కింద, పంట చెట్టుకు దూరంగా, రెండూ ఒకే పట్టికలో. చూసినవాళ్ళు చెట్టు వల్ల అన్నీ లాభాలే అనుకుంటారు. అనుకోనివ్వండి.

రైతుతో మాట్లాడాల్సి వస్తే ప్రశ్నపత్రంలోంచి తలెత్తకండి. నేను ఓసారి ఎత్తాను. చేలో చెట్లు పెంచకపోవడానికి కారణమేమిటి, ఒకటి అవగాహన లేకపోవడం, రెండు నీరు లేకపోవడం, అని చదువుకుంటూ పోతుంటే గట్టు మీద కూర్చున్న ఆయన బీడీ ఆర్పి అన్నాడు: "అవగాహన ఉండాది సార్. చేనే ల్యా."

కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు, నోటిమాట, ఏడాదికోసారి. "చింతచెట్టు పెడితే అది కాపుకొచ్చే తలికి ఈ చేను ఎవురు చేస్తాంటారో! చెట్టు పెట్టినానని తెలిస్తే, రేపు చేనే నాదంటానేమోనని చేను గలాయప్ప మల్లేడు కౌలుకే ఇయ్యడు. మీరు చెప్పినట్ల నడిమిట్ల పెడితే గుంటక యాడ తిప్పల్ల?"

నా ప్రశ్నపత్రంలో ఆ జవాబుకు గడి లేదు. 'అవగాహన లేకపోవడం' దగ్గర టిక్కు పెట్టాను. మీరూ అక్కడే పెట్టండి. అవగాహన లేదంటే సదస్సు పెట్టొచ్చు, బ్యానరు కట్టొచ్చు, భోజనాలు పెట్టొచ్చు. కౌలు కాగితం ఇప్పించడానికి మన బడ్జెట్లో పద్దు లేదు.

2014లో మన దేశం జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానం తెచ్చింది. ఇలాంటి విధానం తెచ్చిన మొదటి దేశం మనదే. ఈ వాక్యం ప్రతి పేపరు మొదటి పేరాలోనూ ఉండాలి. సొంత చేలో పెంచుకున్న చెట్టును నరికి అమ్ముకోవడానికి రైతు పడే అనుమతుల తిప్పలు తగ్గించాలని కూడా అందులో ఉంది. మీరు అంత దూరం చదవనక్కర్లేదు.

సెమినార్లలో నైజర్ దేశం పేరు ఎత్తకండి. 1980ల్లో అక్కడ టోనీ రినౌడో అనే ఆస్ట్రేలియా ఆయన, నాటిన మొక్కలు నాటినట్టే చస్తుంటే విసిగిపోయి, చేలల్లో పొదల్లా కనపడుతున్నవి పొదలు కావని, నరికేసిన చెట్ల మొదళ్ళు వేస్తున్న చిగుళ్ళని గమనించాడు. వాటిలో గట్టివి ఉంచి తక్కినవి కోసేయమని రైతులకు చెప్పాడు. ఒకరిని చూసి ఒకరు చేశారు. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. నర్సరీ లేదు, టెండరు లేదు, గుంత లేదు, రిబ్బను లేదు. ఇలాంటివి పొక్కితే మన గతేం కాను?

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. శీతోష్ణస్థితి అని పేరు పెట్టాలంటే 30 ఏళ్ళ లెక్కలు ఉండాలంటారు. ప్రాజెక్టు మూడేళ్ళు. కాబట్టి నాటిన మొక్కల లెక్క రాయాలి తప్ప బతికిన మొక్కల లెక్క రాయకూడదు. మూడో ఏడు మార్చి 31 దాటాక ఆ ఊరి వైపు పోకూడదు. దారిలో ఎవరైనా ఆపి, "ఆ పొద్దు మొక్కలు నాటినోళ్ళు మీరే గదా సార్?" అంటే, వేరే శాఖ అని చెప్పాలి.

ఈ నియమం నేను ఒక్కసారే తప్పాను. పోయిన వేసవిలో ఇంకో పని మీద అటు వెళ్తూ ఆ కౌలు చేను దగ్గర జీపు ఆపించాను. రికార్డు ప్రకారం ఆ గట్టు మీద మేం నాటినవి 120. టేపు చేతిలోనే ఉంది కదా అని ఒక్కొక్కటే చుట్టి చూశాను, ఈసారి 3.14తో భాగించాను కూడా. మొత్తం 11 చెట్లు. మూడు మా కానుగలు. ఎనిమిది తుమ్మలు, ఎవరూ నాటనివి, వాటంతట అవే మొలిచినవి. కింది కొమ్మలు కొట్టేసి, గుంటకకు దారి వదిలి, వాటిని ఎవరో పెరగనిచ్చారు.