పాత తప్పుకు కొత్త పాసుపుస్తకం

తెలంగాణ శాసనసభ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారు 2025 డిసెంబర్ 17, బుధవారం ఇచ్చిన నిర్ణయం విన్నాక నాకు జ్ఞానోదయమైంది. ఫిరాయింపుల సంగతి తెలుసుకోవడానికి రాజ్యాంగం చదవడం దండగ. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద టేబులేసుకుని కూర్చునే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి పోవాలి.

బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచిన అయిదుగురు ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లో చేరారనడానికి ఆధారాలు చాలవట. సాంకేతికంగా వారు బీఆర్‌ఎస్‌లోనే ఉన్నారట. దాని మీద వారమంతా టీవీల్లో గొంతులు చించుకున్నారు. అధికార పక్షం తరఫున ఎవరు కూర్చున్నా, ఏ చానల్లో కూర్చున్నా, చివరికొచ్చేది ఒకటే మాట: "పదేళ్ళు వాళ్ళు చేయలేదా?"

దీన్ని కొందరు జవాబు ఎగవేయడం అంటున్నారు. పాపం, వాళ్ళకు రెవెన్యూ వ్యవహారాలు తెలియవు. అది జవాబు కాదు, హక్కు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు. మన దగ్గర గత ప్రభుత్వం చేసిన ప్రతి తప్పూ ఒక స్థిరాస్తి. ఎన్నికల్లో గెలిచినవాళ్ళకు సచివాలయం తాళాలతో పాటు అది కూడా ముటేషన్ అయిపోతుంది. ఒప్పులకు మాత్రం వారసత్వం లేదు. అవి ప్రభుత్వం మారిన రోజునే బీడు పడతాయి, పేరు మారతాయి, లేదా బోర్డు పీకేస్తారు. తప్పు మాత్రం పదిలంగా చేతులు మారుతుంది.

ఆస్తి అన్నాక లింకు డాక్యుమెంట్లు చూడాలి కదా. చూద్దాం.

మొదటి దస్తావేజు 2014 డిసెంబర్ 16 నాటిది. సనత్‌నగర్‌లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ గారు ఆ రోజు కేసీఆర్ మంత్రివర్గంలో ప్రమాణం చేశారు. రాజీనామా చేశానన్నారు. ఆ రాజీనామా మీద నిర్ణయం మాత్రం ఏళ్ళ తరబడి రాలేదు. సైకిల్ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే, కారు ప్రభుత్వంలో మంత్రి. (ఆయన పక్కన నిలబడి అదే రోజు ప్రమాణం చేసినవారిలో తుమ్మల, జూపల్లి ఇప్పటి మంత్రివర్గంలోనూ ఉన్నారు. అది వేరే సర్వే నంబరు, అందులోకి పోను.) రెండో దస్తావేజు 2016 నాటిది: పదిహేను మంది తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో పన్నెండు మంది టీఆర్‌ఎస్‌లో (ఇప్పటి బీఆర్‌ఎస్) విలీనం.

మూడోదే అసలు ముచ్చటైన దస్తావేజు. 2018లో కాంగ్రెస్‌కు వచ్చినవి పంతొమ్మిది సీట్లు. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు ఎంపీగా గెలిచి హుజూర్‌నగర్ వదిలేస్తే పద్దెనిమిది మిగిలారు. పద్దెనిమిదిలో మూడింట రెండు వంతులు పన్నెండు. అచ్చంగా పన్నెండు మందే 2019 జూన్ 6న వెళ్ళి విలీనం అర్జీ ఇచ్చారు, గంటల వ్యవధిలో బులెటిన్ వచ్చేసింది. మన శాసనసభలో అర్జీలు కదలవని ఎవరన్నారు? అనర్హత అర్జీకి కాళ్ళుండవు, విలీనం అర్జీకి రెక్కలుంటాయి. భట్టి విక్రమార్క గారు ఇందిరా పార్కు దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నారు. ఆయన ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి.

ఆ విలీనాన్ని ఆమోదించిన స్పీకర్ ఎవరు? పోచారం శ్రీనివాస్ రెడ్డి గారు. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి పార్టీలోకి ఆహ్వానించారు. తర్వాత వ్యవసాయ సలహాదారు పదవి కూడా ఇచ్చారు. ఆయన మీద కూడా అనర్హత పిటిషన్ పడింది, ఆ బుధవారం నాటికి తేలలేదు. అంటే ఒకప్పుడు పట్టా ఇచ్చిన తహసీల్దారే చివరికి అదే పట్టా కోసం వరుసలో నిలబడ్డారు. తాను తవ్వించిన బావిలో నీళ్ళు తనకే పనికొచ్చే అదృష్టం ఎందరికి దక్కుతుంది!

ఇక మూల దస్తావేజు కావాలంటే హర్యానా పోవాలి. 1967లో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. ఆయన పాత పహాణీని మన గద్వాలలో ఈమధ్యే దుమ్ము దులిపారు. అయిదుగురిలో ఒకరైన అక్కడి ఎమ్మెల్యే గారు 2024 జూలైలో కాంగ్రెస్‌కు వెళ్ళారని, నెల తిరక్కుండానే కేటీఆర్‌ను కలిసి వెనక్కి వచ్చారని, మళ్ళీ ముఖ్యమంత్రిని కలిశారని పత్రికలన్నీ రాశాయి. ఇంతకీ ఆయన ఎక్కడికీ పోలేదని ఇప్పుడు తేలింది. పాపం పత్రికలు.

ఇప్పుడు అసలు కిటుకు. పాత పహాణీలో రెండు కాలమ్‌లు ఉండేవి. ఒకటి పట్టాదారు, రెండోది అనుభవదారు. పేరు ఎవరిది, దున్నుతున్నది ఎవరు అని రెండూ తెలిసేవి. ధరణిలో ఆ రెండో కాలమ్ ఎత్తేశారు. దున్నేవాడి పేరు గల్లంతైందని కాంగ్రెస్ వారు ఊరూరా తిరిగి చెప్పారు. ధరణిని బంగాళాఖాతంలో కలిపేస్తామన్నారు. కలిపారు కూడా, భూభారతి తెచ్చారు. అయితే ధరణి ఆత్మ ఎక్కడికీ పోలేదు, శాసనసభ రికార్డులోకి దూరింది. అక్కడ ఇప్పుడు ఒకటే కాలమ్. పట్టాదారు: బీఆర్‌ఎస్. అనుభవదారు ఎవరని అడిగితే ఆ కాలమ్ లేదండీ అంటున్నారు.

శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరికెపూడి గాంధీ గారి సంగతే చూడండి. ప్రజా పద్దుల కమిటీ చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024లో ఆయనకు ఇచ్చారు. ఎందుకయ్యా అంటే ఆయన ప్రతిపక్ష ఎమ్మెల్యేనే కదా అన్నారు. ప్రతిపక్షం మాత్రం మా మనిషి కాదు మొర్రో అంది. సర్కారు ఖర్చుల్లో తప్పులు పట్టాల్సిన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో సర్కారే చూసుకుంది. దానికీ లింకు డాక్యుమెంట్ ఉంది లెండి: 2019లో కాంగ్రెస్‌ను మింగేశాక టీఆర్‌ఎస్ హయాంలో ఆ పదవి మజ్లిస్‌కు వెళ్ళింది. ఆనవాయితీని చంపడం కూడా ఒక ఆనవాయితీయే, దానికీ పాసుపుస్తకం ఉంది.

మరి కండువాలు కప్పుకున్న ఫోటోలు, వీడియోలు? అవి సాదా బైనామాలు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు, సాక్షులున్నారు, ఊరంతా చూసింది, విందు కూడా అయింది. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి అమ్మకం జరగనట్టే. పేద రైతు తన సాదా బైనామా పట్టుకుని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, నేను కొన్నాను మహాప్రభో, నమ్మండి అంటాడు. ఎమ్మెల్యే గారు మాత్రం అదే కాగితం చూపించి, నేను అమ్ముడుపోలేదు, నమ్మండి అంటారు. రైతును నమ్మరు. ఈయన్ను నమ్మారు.

నాకు ఉత్కంఠ కలిగించింది ఖైరతాబాద్ ఫైలు. దానం నాగేందర్ గారిది సాదా బైనామా కాదు. బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. బీ-ఫారం ఉంది, నామినేషన్ ఉంది, అఫిడవిట్ ఉంది, ఓటింగ్ యంత్రం మీద ఆయన పేరు పక్కన హస్తం ఉంది. ఇంతకంటే రిజిస్టర్డ్ దస్తావేజు దేశంలో ఎక్కడ దొరుకుతుంది? ఆ పిటిషన్ కూడా ఆ బుధవారం నాటికి పెండింగే. దానికి ఏ పాత దస్తావేజు వెతికారో!

ఈ ఆస్తికి చౌహద్దులు రాయమంటే ఇలా రాస్తాను. తూర్పు: 2025 జూలై 31న సుప్రీంకోర్టు పెట్టిన మూడు నెలల గడువు, అది దాటిపోయాక నవంబర్ 17న అదే కోర్టు ఇచ్చిన ధిక్కార నోటీసు. పడమర: అంతకుముందు హైకోర్టు డివిజన్ బెంచి చెప్పిన సహేతుక సమయం, సహేతుకం అంటే ఎంత అని కొలిచే గొలుసు ఏ సర్వేయర్ దగ్గరా లేదు. ఉత్తరం: ఢిల్లీ. దక్షిణం: ఓటరు. దక్షిణం వైపు దారి లేదు.

పొరుగు రాష్ట్రానిదీ ఇదే మట్టి. 2014 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఇరవై ముగ్గురు ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్ళారు, 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. 2019లో తెలుగుదేశానికి సరిగ్గా ఇరవై మూడు సీట్లే వచ్చాయని జనం నవ్వుకున్నారు. నవ్వుకున్నారంతే, ఎవరి మీదా వేటు పడలేదు.

రెవెన్యూ శాఖలో నిషేధిత జాబితా అని ఒకటుంటుంది. అందులో ఉన్న సర్వే నంబర్లు ఎవరూ ముట్టుకోకూడదు. మన వాళ్ళు ఆ జాబితాలో పెట్టినవేమిటో తెలుసా? పార్టీకి రాజీనామా పత్రం ఇవ్వకపోయినా నడవడికను బట్టి పార్టీ వదిలేసినట్టు తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్పీకర్లు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో చెప్పింది. ఇవి పూర్వోదాహరణలు కావా? అవును, కానీ వాటికి గిరాకీ లేదు. వాటి మీద నడిస్తే సీటు పోతుంది. 2024 ఎన్నికలకు ముందు కాంగ్రెస్ మానిఫెస్టోలోనే ఒక వాగ్దానం ఉంది: పార్టీ మారితే తక్షణం సభ్యత్వం పోయేలా పదో షెడ్యూల్ సవరిస్తామని. తుక్కుగూడ సభలో తెలుగులోనూ విడుదల చేశారు. అదీ ఆ జాబితాలోకే వెళ్ళిపోయింది.

ఇంకో చిన్న విషయం. ఇంకొకరి భూమిని పన్నెండేళ్ళు అడ్డూ అదుపూ లేకుండా అనుభవిస్తే కబ్జాదారుకే హక్కు వచ్చేస్తుందని చట్టంలో ఒక దారి ఉంది. సనత్‌నగర్ దస్తావేజు పుట్టిన పదకొండేళ్ళ ఒక రోజుకు బుధవారం నాటి నిర్ణయం వచ్చింది. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే చాలు. అయితే ఆ భూమి ఎవరిది?

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ భూమి బీఆర్‌ఎస్‌ది కాదు, దాని మీద జాలిపడే ఉద్దేశం నాకు లేదు. ఆ పొలంలో మొదటి నాగలి పెట్టింది వాళ్ళే. కాంగ్రెస్‌దీ కాదు. 2023లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది సీట్లలో తొమ్మిది ఒకవైపు కొట్టుకుపోతే, ఆ అయిదుగురిలో ఒకరు గెలిచిన భద్రాచలం ఒక్కటి కారు గుర్తుకు వేసింది. చుట్టూ గాలి ఎటు వీస్తోందో అక్కడి గిరిజనుడికి తెలియక కాదు. తెలిసే, ఎదురు వేశాడు. ఆ ఎదురు ఓటును ఎత్తుకెళ్ళి ఏ గాలికి ఎదురు వేశాడో ఆ గాలికే కలిపేశారు. అడిగితే, అబ్బే, నీ ఓటు నీ దగ్గరే ఉంది, సాంకేతికంగా, అంటున్నారు. ఇది అతన్ని వెక్కిరించడం. మీ ముందటివాడు కూడా దోచుకున్నాడు అని దోపిడీకి గురైనవాడికే చెబుతున్నారు, అతను ఊరట పడాలన్నట్టు! ముందటివాడు దోచుకున్నాడనే కదా రాష్ట్రం మిమ్మల్ని గెలిపించింది!

పాత ఉదాహరణలే కావాలంటే ఈ గడ్డ మీద వేరేవీ ఉన్నాయి. 2010లో తెలంగాణ కోసం పదవులు విసిరికొట్టి పన్నెండు చోట్ల ఉప ఎన్నికలకు పోయారు. టీఆర్‌ఎస్ పదకొండు, బీజేపీ ఒకటి గెలిచాయి. 2021లో ఈటల రాజేందర్ రాజీనామా చేసి, బీజేపీ నుంచి హుజూరాబాద్‌లో నిలబడి గెలిచారు. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి రాజీనామా చేసి, అదే పార్టీ నుంచి మునుగోడులో నిలబడి ఓడారు. ఓడితే ఓడారు, జనం ముందుకు వెళ్ళారు. ఈ పట్టాలు ఎవరూ ముటేషన్ చేయించుకోరేం? 2025 మార్చిలో ముఖ్యమంత్రి గారు సభలోనే ఉప ఎన్నికలు రావని భరోసా ఇచ్చారు. భరోసా ఎవరికి? ఓటరుకైతే కాదు.

సరే, అయిదుగురూ బీఆర్‌ఎస్‌లోనే ఉన్నారు. ఒప్పుకుందాం. అయితే రేపటి నుంచి ఆ పార్టీ శాసనసభా పక్షం సమావేశాలకు రండి. ప్రభుత్వం మీద వాయిదా తీర్మానం పెట్టినప్పుడు వాళ్ళతో కలిసి సంతకం చేయండి. బడ్జెట్ మీద బీఆర్‌ఎస్ విప్ జారీ చేసిన రోజున సభలో లేచి, భద్రాచలం పేరు మీద, గద్వాల పేరు మీద, పటాన్‌చెరు పేరు మీద ఎటు ఓటేస్తారో రికార్డులో పడేట్టు వేయండి. ఆ కాగితానికైనా రిజిస్ట్రేషన్ ఉంటుంది.