నేను ఊరికే ఉబ్బలేదు

టచ్‌ప్యాడ్ పోయిందని ఆ కుర్రాడు తెగ విసుక్కున్నాడు. క్లిక్ పడకపోతే బొటనవేలితో ఇంకా గట్టిగా నొక్కేవాడు. పాపం, దాని తప్పేం లేదు. దాని కింద ఉన్నది నేను, లాప్‌టాప్ బ్యాటరీని. లోపలి ద్రవం చెడి గ్యాసుగా మారడంతో నా పలుచటి సంచి పూరీలా పొంగింది. పైనుంచి అతను నొక్కుతుంటే కిందినుంచి నేను తోస్తున్నాను.

మా లిథియం అయాన్ జాతిని 1991లో సోనీ బజారులోకి తెచ్చింది. మాకు పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. వంశం గొప్పదే గానీ ఒంటికి వేడి పడదు. సెల్లుకు 4.2 వోల్టుల దాకా నిండుగా ఛార్జి ఎక్కించి నెలల తరబడి అలాగే ఉంచినా పడదు. కూకట్‌పల్లి ఫ్లాటులో నాకు రెండూ దక్కాయి. రాత్రీ పగలూ ప్లగ్గులోనే, అదీ పరుపు మీద, గాలి కంతలు మూసుకుపోయి.

ఓ ఆదివారం అడాప్టర్ పీకేసి అడుగు మూత విప్పాడు. ఇంక కరెంటు లేదనే అతని ధీమా. గోడ కరెంటు పోయింది సరే, నేనున్నానుగా! నా కనెక్టర్ ఊడదీసేదాకా బోర్డులో ప్రాణం ఉంటుంది. స్క్రూ ఒకటి జారి పడితే చాలు, షార్టే. మాకంటే పాత లాప్‌టాప్‌లు ఇంకా ప్రమాదం. తెర వెనక సన్న ట్యూబుని వెలిగించడానికి ఇన్వర్టర్ బోర్డు వందల వోల్టులు పుట్టించేది.

నన్ను చూసి అతను సూది అందుకున్నాడు.

"చిన్న చిల్లు పెడితే గాలి పోతుంది కదక్కా."

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే అక్క అక్కడే ఉండబట్టి సరిపోయింది.

"గాలి కాదురా, అంటుకునే ఆవిరి. ముందు సూది అవతల పెట్టు."

నా లోపల ప్లస్, మైనస్ పొరలను విడదీసే ప్లాస్టిక్ తెర వెంట్రుక కన్నా పలుచన. అది చిరిగితే రెండూ కలుస్తాయి, వేడెక్కుతాయి. ఆ వేడికి మరిన్ని రసాయన చర్యలు మొదలై ఇంకా వేడి పుడుతుంది. ఆ వరసను మధ్యలో ఆపడం ఇంట్లోవాళ్ల తరం కాదు.

అక్క కిటికీలు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుంది. ముందు కనెక్టర్ తీసింది. నన్ను పట్టుకున్న జిగురు కిందికి పాత ఏటీఎం కార్డు నెమ్మదిగా దూర్చి, వంచకుండా లేపింది. కనెక్టర్ మూతికి టేపు చుట్టి, పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచింది.

పాత సామాన్ల బండికి వేసేద్దామన్నాడు తమ్ముడు. బండిలో నలిగితే అక్కడా నిప్పే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం మమ్మల్ని మామూలు చెత్తలో కలపకూడదు. సేకరించేవాళ్లకో రీసైక్లింగ్ చేసేవాళ్లకో విడిగా ఇవ్వాలి. రేపు నా ప్రయాణం అక్కడికే.

నా చోటికి రావలసినది అప్పుడే ఆన్‌లైన్లో వచ్చేసింది. అక్క దాన్ని తిప్పితిప్పి చూసింది, బీఐఎస్ గుర్తు ఎక్కడా లేదు.

"సగం ధరకే వచ్చిందక్కా," అన్నాడు.

సాయంత్రానికి దాన్ని వాపసు పంపించింది.