సేవ, సాము, షికారు: త్రయీ యాత్రా శాస్త్రం

ఉపోద్ఘాతం

బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో చెప్పడానికి మనకు శాస్త్రం ఉంది. ఏ రంగు పుంజును ఏ రోజున ఏ దిక్కు నుంచి దింపాలో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉంది. తుమ్ముకుంది, కాకి కూతకుంది, కన్ను అదరడానికుంది. ఏటా మార్చి నెల సెలవుల్లో అమెరికా కళాశాలల పిల్లలు ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని, పెట్టెలో ఒక పక్క పెయింటు బ్రష్షులు, ఇంకో పక్క ఆట బూట్లు, అడుగున ఎవరికీ కనపడకుండా ఈత బట్టలు సర్దుకుని దక్షిణాదికి తరలివెళ్లే మహాక్రతువుకు మాత్రం ఇంతవరకు శాస్త్రం లేదు. పండిత లోకానికి ఇది తలవంపు.

ఆ క్రతువును వాళ్లు మిషన్ ట్రిప్ అంటారు. టెక్సస్‌లో ఒక క్రైస్తవ కళాశాలలో చదువుతున్న మా మనవడు తన ఫుట్‌బాల్ జట్టుతో కోస్టారికా వెళ్తూ విరాళం కోరుతూ నాకు ఉత్తరం రాశాడు. డబ్బు మాత్రమే పంపి ఊరుకుంటే దాతనయ్యేవాణ్ణి. డబ్బుతో పాటు ప్రశ్నలు కూడా పంపాను కనుక శాస్త్రకారుణ్ణయ్యాను.

నామ నిర్వచనం

ఈ యాత్రకు అంగాలు మూడు: సేవ, సాము, షికారు. మొదటిది గోడకు రంగు వేయడం. రెండోది ఊరి పిల్లలతో బంతాట. మూడోది అగ్నిపర్వతం, అడవి, సముద్రం.

ఇక్కడ వైయాకరణులు అడ్డుపడతారు. మొదటి రెండూ దంత్య సకారాలు, మూడోది మూర్ధన్యం, మూడింటినీ ఒక గాట కట్టడం ఎలా కుదురుతుందని వాళ్ల ఆక్షేపణ. సమాధానం: ఆ తేడా ఉండాల్సిందే. మూడోది వేరే జాతి అక్షరమై ఉండి కూడా మిగతా రెండింటి చాటున వరసలో దూరింది. మా మనవడి కార్యక్రమ పత్రంలో ఎక్కడా షికారు అనే మాట లేదు. ‘సాంస్కృతిక అనుభవం’, ‘విశ్రాంతి దినం’ అని ఉన్నాయి. వేషం మార్చుకున్నవాడి అక్షరం కూడా మారుతుందని గ్రహించాలి.

పేరును బట్టి పదార్థాన్ని నిశ్చయించకూడదనడానికి ఆ దేశంలోనే దృష్టాంతం ఉంది. కోస్టారికా వాళ్లు పొద్దున్నే తినే గాయో పింతో అనే వంటకం పేరుకు అర్థం మచ్చల పుంజు. పళ్లెంలో ఉండేది అన్నమూ చిక్కుడు గింజలూ. పుంజు కోసం వెతికేవాడు ఆకలితో ఉంటాడు. మిషన్ ట్రిప్‌లో మిషన్ కోసం వెతికేవాడి గతీ అంతే.

అనుబంధ చతుష్టయం

శాస్త్రం మొదలుపెట్టేవాడు అధికారి, విషయం, ప్రయోజనం, సంబంధం అనే నాలుగూ చెప్పి తీరాలి.

అధికారి: పాస్‌పోర్టు ఉండి, వెళ్లే దేశపు భాష రాని యువకుడు. సొంత ఇంట్లో పూచికపుల్ల తీసి అవతల పెట్టనివాడైతే మరీ శ్రేష్ఠం.

విషయం: గోడ.

ప్రయోజనం: ఎవరికన్నది వివాదాస్పదం. సిద్ధాంతంలో తేలుతుంది.

సంబంధం: విద్యార్థికీ గోడకూ ఉన్నది. యాత్ర జరిగిన వారం రోజులూ అది సంయోగం, అంటే విడిపోయేది. ఫొటో తీసిన క్షణం నుంచి సమవాయం, అంటే ఎన్నటికీ విడిపోనిది.

సేవాధ్యాయం

కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనుక, వంటింట్లో లాగా అని తర్కం చదివేవాడు మొదటి రోజే నేర్చుకుంటాడు. అదే పద్ధతిలో ఇక్కడ అనుమాన ప్రమాణం ఇది: ఈ గోడకు ఎదురుగా కెమెరా ఉంది, బ్రష్షు పట్టినవాడు పని ఆపి నవ్వుతున్నాడు గనుక, పెళ్లిపందిట్లో లాగా.

సేవకు పూర్వాంగం ధనార్జన. మా మనవడి జట్టు కార్లు కడిగింది, డోనట్లు అమ్మింది, తాతలకు ఉత్తరాలు రాసింది. అలా కూడిన సొమ్ములో ఒక్క విమానం టికెట్టు ఖరీదు పెడితే ఆ ఊరి మేస్త్రీ బడి మొత్తానికి రంగు వేసి, మిగిలిన డబ్బాతో గేటుకు కూడా పూసి వెళ్లేవాడు కదా అని అడిగాను. “తాతయ్యా, అప్పుడు మేం వెళ్లక్కర్లేదుగా!” అన్నాడు. ఇంత నిర్దుష్టమైన హేతువు నేను తర్కగ్రంథాల్లో కూడా చూడలేదు.

గోడ లక్షణాలు కూడా చెప్పాలి. అది నిరుటి జట్టు వేసిన నీలం మీద ఈ ఏటి జట్టు పసుపు వేయదగినదై ఉండాలి. ఏడాదికొక పూత చొప్పున గోడ లావెక్కుతుంది, గది ఇరుకవుతుంది. ఎన్నేళ్లకు గది పూర్తిగా పూడిపోతుందన్న లెక్క గణిత శాస్త్రజ్ఞులకు వదిలేస్తున్నాను. రోజూ సాయంత్రం ఊరి మేస్త్రీ వచ్చి, కారిన చారలు తుడిచి, వంకరపోయిన అంచు దిద్ది, ఏమీ అనకుండా నవ్వి వెళ్లేవాడట. సేవ చేసింది ఎవరు అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు ఇక్కడే ఆగుతారు.

సామాధ్యాయం

ఈ అధ్యాయానికి సామవేదంతో సంబంధం లేదు. సాము అంటే సాముగరిడీల్లోని సాము, ఒళ్లు అలిసే ఆట.

మతప్రచారానికీ బంతికీ చుట్టరికం పాతది. క్రైస్తవ యువజన సంఘం వాళ్ల శిక్షణ కళాశాలలో 1891లో జేమ్స్ నెయిస్మిత్ చలికాలం నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. అదే సంఘానికి చెందిన విలియం మోర్గన్ 1895లో వాలీబాల్ కనిపెట్టాడు. మన పల్లెల్లో సాయంత్రం బడి ఆవరణలో నెట్టు కట్టి గెంతే కుర్రాళ్లకు తెలియదు గానీ, వాళ్లు ఆడుతున్నది ఒక మిషన్ వరండాలో పుట్టిన ఆట. దేవుణ్ణి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నెట్టును మాత్రం మనవాళ్లు అడ్డు చెప్పకుండా ఒప్పుకున్నారు.

అన్నిచోట్లా అలా ఒప్పుకోలేదు. శ్రీనగర్‌లో మిషన్ బడి నడిపిన టిండేల్ బిస్కో 1891లో కశ్మీరీ పండితుల పిల్లల ముందు ఫుట్‌బాల్ పెట్టినప్పుడు, తోలు బంతిని తాకితే మైలపడతామని వాళ్లు మొరాయించారు. బలవంతాన ఆట మొదలైంది. బంతి మొహానికి తగిలిన పిల్లవాడు గొల్లుమంటే, వెళ్లి కాలవలో కడుక్కుని రమ్మన్నాడు బిస్కో. కడుక్కుని వచ్చి ఆడాడు. ప్రాయశ్చిత్తానికీ హాఫ్‌టైముకూ తేడా లేదని ఆనాడు నిరూపణ అయింది.

పరుగుల వీరుడు ఎరిక్ లిడెల్ సంగతి కూడా చెప్పుకోవాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని వంద మీటర్లు వదులుకుని, నాలుగు వందల మీటర్లలో స్వర్ణం గెలిచి, మరుసటి ఏడు మిషనరీగా చైనా వెళ్లాడు. 1945లో అక్కడే జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆయనది ‘వెళ్లి ఉండిపోయిన’ భేదం. మనం చర్చిస్తున్నది ‘వెళ్లి వచ్చేసిన’ భేదం. మొదటిది అపురూపం. రెండోదానికి రాకపోకల టికెట్టు కలిపి కొంటే చవక.

ఇక ప్రకృతానికి వస్తే, మా మనవడి కార్యక్రమ పత్రంలో మధ్యాహ్నాల కింద ‘స్థానిక బాలలకు ఫుట్‌బాల్ శిక్షణ’ అని రాసుంది. ఎవరికి? 2014 ప్రపంచ కప్పులో ఉరుగ్వే, ఇటలీ, ఇంగ్లండ్ అనే ముగ్గురు మాజీ ఛాంపియన్లున్న గుంపులో పడి, మొదటిదాన్ని 3–1తో, రెండోదాన్ని 1–0తో ఓడించి, మూడోదాన్ని గోల్ కొట్టనివ్వకుండా ఆపి, గుంపులో అగ్రస్థానాన నిలిచిన దేశపు పిల్లలకు. గోల్‌కీపర్ కేలోర్ నవాస్ పుట్టిన గడ్డ మీద పిల్లలకు గోల్ ఆపడం నేర్పిస్తామని టెక్సస్ జట్టు విమానం ఎక్కింది. కొండపల్లికి బొమ్మలు పట్టుకెళ్లినట్టు.

షికారాధ్యాయం

వారంలో చివరి మూడు రోజులు షికారు. మొదట అరెనల్ అగ్నిపర్వతం. శతాబ్దాలు నిద్రపోయి 1968 జులైలో బద్దలై, ఊళ్లను బూడిద చేసి, 2010 దాకా గుర్రు పెట్టి ఇప్పుడు శాంతించింది. తర్వాత మొంతెవెర్దె మబ్బుల అడవి, దాని మీద తీగకు వేలాడుతూ జారే జిప్ లైన్. చివర మాన్యుయల్ ఆంటోనియో తీరం. అక్కడి కోతులు యాత్రికుల సంచులు విప్పడంలో మన తిరుమల కోతులకు ఏమాత్రం తీసిపోవు.

మొంతెవెర్దె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. యుద్ధం పాపమని నమ్మే క్వేకర్లు కొందరు, సైన్యంలో పేరు నమోదుకు ఒప్పుకోనందుకు తమలో కొందరు జైలుకెళ్లాక, అమెరికాలోని అలబామా వదిలి 1951లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశమని కోస్టారికాను ఎంచుకున్నారు. ఆవులు పెంచారు, చీజ్ చేసి అమ్మారు, నీటి ఊటల కోసం కొంత అడవిని గొడ్డలి తగలకుండా విడిచిపెట్టారు. ఎవరినీ ఉద్ధరించడానికి రాలేదు, బతకడానికి వచ్చారు. అడవి మిగిలింది. ఇప్పుడు ఉద్ధరించడానికి వచ్చినవాళ్లు ఆ అడవి మీద జారుతున్నారు.

అయినా షికారును ఎగతాళి చేసే అర్హత మనకు లేదు. మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్లి, కాణిపాకం, కాళహస్తి చుట్టి, అంత దూరం వచ్చాం కదా అని మద్రాసు సముద్రంలో కాళ్లు తడుపుకుని, చీరలు కొనుక్కుని వచ్చే జాతి మనది. స్వామికార్యం, స్వకార్యం అన్న జంటపదం ఊరికే పుట్టలేదు. తేడా ఒక్కటే. మనం స్వకార్యాన్ని దాచం. పక్కింటివాళ్లకు లడ్డూతో పాటు చీర కూడా చూపిస్తాం.

పూర్వపక్షం

ఈ శాస్త్రానికి ప్రధాన ప్రతివాది ఇవాన్ ఇలిచ్. వియన్నాలో పుట్టిన కాథలిక్ గురువు, మెక్సికోలో ఒక అధ్యయన కేంద్రం నడిపినవాడు. అరెనల్ బద్దలవడానికి మూడు నెలల ముందు, 1968 ఏప్రిల్‌లో, వేసవి సెలవుల్లో మెక్సికో వెళ్లి సేవ చేద్దామనుకుంటున్న అమెరికా విద్యార్థులు ప్రసంగించమని పిలిస్తే, వాళ్ల ఎదుట నిలబడి ఆయనే బద్దలయ్యాడు. ఆయన వాదం క్లుప్తంగా ఇది: మీకు వాళ్ల భాష రాదు, మీరు చేసింది మేలో కీడో మీకు తెలిసే దారి లేదు, అంతగా సేవ చేయాలనుంటే మీ దేశపు పేదల దగ్గరికే వెళ్లండి, మిమ్మల్ని పొమ్మని చెప్పడానికి వాళ్లకైనా భాష ఉంది, మెక్సికోకు చూడటానికి రండి, కొండలెక్కండి, చదువుకోండి, సాయం చేయడానికి మాత్రం రాకండి.

గమనించారా? పెట్టె అడుగున దాచిన ఈత బట్టలే నిజాయితీ గలవని, పైన కనపడేలా పెట్టిన బ్రష్షులే దొంగసరుకని ఇలిచ్ మతం. మన త్రయాన్ని ఆయన తిరగేసి నిలబెట్టాడు. అయితే ఆయన సేవను కొట్టేశాడు, షికారును ఒప్పుకున్నాడు, మధ్యనున్న సామును మాత్రం పట్టించుకోలేదు. ఈ శాస్త్రానికి చోటు దొరికింది ఆ సందులోనే.

సిద్ధాంతం

సేవలో చెయ్యి పైనుంచి కిందికి వస్తుంది. షికారులో చూపు పైనుంచి కిందికి వస్తుంది. జిప్ లైన్ మీద మనిషే పైనుంచి కిందికి వస్తాడు. ఆటలో మాత్రం ఇద్దరూ ఒకే నేల మీద నిలబడతారు. ఇలిచ్ అడిగిన ‘పొమ్మనే భాష’ అక్కడ అవతలివాడికి పుష్కలంగా ఉంది. బంతి లాక్కున్న ప్రతిసారీ పొమ్మన్నట్టే. గోల్‌కీపర్ చెయ్యి చాచిన ప్రతిసారీ పొమ్మన్నట్టే. దానికి స్పానిష్ రానక్కర్లేదు.

మా మనవడి జట్టు మొదటి మధ్యాహ్నం శంకువులు వరసగా పెట్టి శిక్షణ ఇచ్చింది. పిల్లలు మర్యాదగా శంకువుల మధ్య పరుగెత్తారు. రెండో మధ్యాహ్నం వాళ్ల అన్నలు వచ్చి ఆడదామన్నారు. 6–1. ఆ ఒక్కటీ కూడా వాళ్లవాడి కాలికే తగిలి లోపలికి పోయిందట. మూడో మధ్యాహ్నం శంకువులు సంచిలోంచి బయటికి రాలేదు. ఆ అన్నల్లో ఒకడు మావాడికి మడమతో బంతిని వెనక్కి లాగడం నేర్పించాడు. ఫోన్‌లో మావాడు గోడ గురించి ఒక నిమిషం, అగ్నిపర్వతం గురించి రెండు నిమిషాలు, ఆ మడమ గురించి అరగంట చెప్పాడు.

కాబట్టి సిద్ధాంతం ఇది: అవతలివాడు మనల్ని ఓడించడానికి వీలున్న చోటే మన రాకకు అర్థం ఉంది.

ప్రత్యక్ష ప్రమాణం

అనుమానంతో నిరూపించినదాన్ని ప్రత్యక్షంతో స్థిరపరచాలంటారు. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో, జాతీయ సేవా పథకం మొదలైంది. కొన్నేళ్లకు కాలేజీ కుర్రాడిగా నేను కూడా ఒక మెట్ట ఊళ్లో శిబిరానికి వెళ్లాను. పొద్దున శ్రమదానం: చెరువు కట్ట నుంచి బడి దాకా మట్టి రోడ్డు. సాయంత్రం వాలీబాల్. ఆఖరి రోజు లారీ ఎక్కి సముద్రానికి. సేవ, సాము, షికారు మూడూ ఉన్నాయి. శాస్త్రం మాత్రమే లేదు. ఆ ఊరి కుర్రాళ్లు అప్పటిదాకా రెండు వాసాలకు తాడు కట్టి ఆడేవాళ్లు. మేం తీసుకెళ్లిన నెట్టు వాళ్లకే వదిలేసి వచ్చాం.

చాలా ఏళ్ల తర్వాత ఆ పక్క ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న తలనెరిసిన మనిషి చాలాసేపు నన్నే చూసి, “మీరు కాలేజీ క్యాంపుకొచ్చిన పిల్లల్లో ఒకరు కదండీ? పదిహేను–నాలుగు! రెండు గేములూ మాయే!” అన్నాడు, విస్తట్లో చెయ్యి అలాగే ఉంచి, మొహమంతా వెలుగుతూ. నెట్టు ఇంకా కడుతున్నారా అంటే, అది చిరిగాక ఇంకో మూడు కొన్నామని, తన కొడుకు జిల్లాకు ఆడాడని చెప్పాడు.

రోడ్డు సంగతి అడిగాను.

“ఏ రోడ్డండీ?” అన్నాడు.