అంగడికి కోటు

బళ్ళారి జిల్లా సిరిగేరిలో ఇప్పుడు పంపుసెట్ల రిపేరు అంగడి తెరవాలంటే ముందు కొనాల్సింది పానాలు, రాగితీగ కాదు, ఫ్లెక్సు. "కొంచెం ప్రొఫెషనల్‌గా కనపడాలన్నా, లేకుంటే పెద్ద గిరాకీ రాదు" అంటాడు కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లోడు. ఆ ఒక్క మాటకు మనవాడు సగం పడిపోతాడు. మిగతా సగం ఆ పిల్లోడు చూపించే బొమ్మకు పడతాడు.

ఆ బొమ్మను కాస్త దగ్గరగా చూడండి. చెవులకు హెడ్‌ఫోను, పెదాల దగ్గర మైకు, పాలలాంటి పళ్ళతో నవ్వుతున్న తెల్లజాతి అమ్మాయి. ఆమె వెనకాల అద్దాల మేడ. ఆ పక్కనే సూట్లు వేసుకున్న ఇద్దరు చేతులు కలుపుకుంటుంటారు. ఈ ముగ్గురికీ మన బోరుబావికీ సంబంధమేమిటని అడగకూడదు. తుంగభద్ర కాలువలో నీళ్ళు ఎప్పుడు వదులుతారో, మోటారు కాలితే ఏ వాసన వస్తుందో ఆ తల్లికేం తెలుసు? బొమ్మ కింది నంబరుకు ఫోను చేస్తే ఎత్తేది ఆమె కాదు, మనవాడే, అదీ మూడోసారికి: "యెవురప్పా, పొలంకాడ ఉండా, సాయంత్రం చెయ్యి."

ఇక పేరు. నిరుడు తెరిచిన అంగడికి 'ఇంటర్నేషనల్' తగిలిస్తారు. ఆంధ్రా సరిహద్దు బండి దూరంలోనే ఉంది కాబట్టి కనీసం 'ఇంటర్‌స్టేట్' అన్నా ఒప్పుకుందుం. ఆ కింద 'సిన్స్' అని బంగారు అక్షరాల్లో మొన్నమొన్నటి సంవత్సరం. బోర్డులో అరవై శాతం కన్నడ ఉండాలని కర్ణాటక 2024లో చట్టం సవరించింది. మిగిలిన నలభై శాతం ఇంగ్లిష్ తీసేసుకుంది. పొద్దుటి నుంచి రాత్రిదాకా బేరం జరిగే తెలుగు గల్లాపెట్టె దగ్గరే ఉండిపోయింది, అక్కడ దానికి బోర్డు అక్కర్లేదు గనక.

గోడ మీద ఐఎస్ఓ సర్టిఫికెట్టు. ఐఎస్ఓ అనే సంస్థ ప్రమాణాలు రాస్తుందే కానీ ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు, తన ముద్రను వాడుకోనివ్వదు కూడా. సర్టిఫికెట్లిచ్చే సంస్థలు వేరు. అదీ పని చేసే పద్ధతికి, సరుకు నాణ్యతకు కాదు. ఈ సంగతి చెబితే, "ఫ్రేము బాగుంది కదా సార్" అంటారు. బాగుంది, కాదనను.

బయటూరి గిరాకీకి మనం ఎవరమో తెలియదు, బోర్డు చూసే లోపలికి వస్తాడు, నిజమే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే బండికి బోర్డు లేకున్నా నడుస్తుందంటే ఊరంతటికీ ఆ చేయి తెలుసు గనక. కొత్తవాడికి తెలియాల్సినవి వేరే: అంగడి ఎన్నింటికి తీస్తారు, మోటారు విప్పి చూసినందుకు ఎంత, మళ్ళీ కాలితే ఎవరిని పట్టుకోవాలి. వీటిలో ఒక్కటీ బోర్డెక్కదు. జీఎస్టీ కట్టే అంగడైతే ఆ నంబరును వాకిలి దగ్గరి నామఫలకం మీద రాయాలని నిబంధనే ఉంది. అమెరికా అమ్మాయికి చోటు దొరికిన ఫలకం మీద ఆ పదిహేను అక్షరాలకు మాత్రం ఇరుకైపోతుంది.

బిల్లు పుస్తకం సంగతి మరీ ముద్దొస్తుంది. మంచి కాగితం, పైన గణపతి, ఆయన కింద అంగడి పేరు మూడు రంగుల్లో. అడుగున 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు', 'తగాదాలన్నీ బళ్ళారి కోర్టు పరిధిలోనే'. ఇంత ముందుచూపుతో అచ్చేయించిన పుస్తకం సొరుగులోనే ఉంటుంది. మీరు నోరు తెరిచి అడిగితే, "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది సార్, మీకే నష్టం" అని మీ మీద జాలి పడతారు. పాత కవరు వెనక అంకెలు కూడి చేతికిస్తారు. దాని మీద పేరుండదు, తేదీ ఉండదు, గణపతి కూడా ఉండడు. రేపు తగాదా వస్తే బళ్ళారి కోర్టుకు ఈ కవరే పట్టుకుపోవాలి.

కౌంటరు మీద డబ్బు పడగానే అరిచే పెట్టె కూడా ఈ అలంకారంలో భాగమే, అది లెక్క రాస్తుందని తెలిసేదాకా. 2025 జులైలో యూపీఐ రాబడి చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో చాలా అంగళ్ళలో క్యూఆర్ స్టిక్కర్లు పోయి 'నగదు మాత్రమే' అన్న కాగితాలు వెలిశాయి. పన్ను లేని పాలూ కూరగాయలూ అమ్ముకునేవాళ్ళు హడలిపోయారంటే అర్థముంది, వాళ్ళను నేననడం లేదు. కానీ నిన్నటిదాకా ప్రొఫెషనల్ అన్నది ఏదో, ఇవాళ దాచాల్సింది అదేనని అందరికీ ఒక్క వారంలో ఎట్లా తెలిసిపోయింది?

చదువు చాలక ఇట్లా చేస్తున్నారని ఎవరైనా వెనకేసుకొస్తే సిరుగుప్ప తాలూకా సోనామసూరి బస్తా చూపించండి. 2022 జులై 18 నుంచి లేబులు వేసి ప్యాక్ చేసిన బియ్యానికి ఇరవై అయిదు కిలోల దాకా అయిదు శాతం పన్ను. ఆ తర్వాతే ఆంధ్రా, కర్ణాటక బజార్లలోకి ఇరవై ఆరు కిలోల బస్తాలు దిగాయి. మెరిసే సంచి, నాలుగు రంగుల ముద్ర, ఒక కిలో ఎక్కువ. అంత సన్నని గీతను ఒక్క కిలోతో దాటేలా తూకం వేసినవాళ్ళకు, మనం అడిగిన బిల్లు రాయడమే చేతకాలేదంటే నమ్మమంటారా?