మహమ్మారి వేళ గేటు దాటడం ఎలా?

మహమ్మారి మళ్లీ వస్తుందా, వస్తే ఎప్పుడు అన్న సంగతి డాక్టర్లు చూసుకుంటారు. వచ్చాక గ్రేటర్ నోయిడాలో నెగ్గుకురావడం ఎలాగో నేను చెబుతాను. ఉద్యోగమనో, పిల్లల ఇంజినీరింగు సీటనో ఈ ఊరు చేరిన తెలుగువాళ్ల కోసం ఈ సలహాలు. 2020లోనూ 2021లోనూ వీటిని తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరికి చెయ్యాలో తెలిస్తే కదా.

అన్నిటికన్నా ముందు ఆ 'ఎవరికి' అన్న ప్రశ్న మానుకోండి. మురుగు పొంగితే కార్పొరేటర్ ఇంటి ముందు కూర్చోవడం, కుళాయి రాకపోతే సర్పంచి పంచె పట్టుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇక్కడ పట్టుకోవడానికి పంచె లేదు. గ్రేటర్ నోయిడాకు మేయరు లేడు, వార్డు లేదు, కార్పొరేటర్ లేడు. 1976 నాటి ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం కింద 1991లో పుట్టిన అథారిటీ ఉంది, దానికి సీఈఓగా ఒక ఐఏఎస్ అధికారి ఉంటారు. ఎమ్మెల్యేకీ ఎంపీకీ నిక్షేపంగా ఓటు వేసుకోవచ్చు. చెత్తబండి విషయంలో మాత్రం మన ఓటుతో పనిలేదు.

పనులు ఎంత చక్కగా పంచారో చూడండి. రోడ్డు, నీళ్లు, మురుగు, చెత్త అథారిటీవి. జబ్బు జిల్లా ముఖ్య వైద్యాధికారిది, అంటే సీఎంఓది. కర్ఫ్యూ అమలు పోలీసు కమిషనర్‌ది. ఆ కమిషనరేటు 2020 జనవరిలోనే ఏర్పడింది, కొత్త కుర్చీల కవర్లు తియ్యకముందే వైరస్ దిగింది. కరెంటు 1993 నుంచీ ప్రైవేటు కంపెనీది. వీటన్నిటినీ కలుపుకుని నడపాల్సింది సూరజ్‌పూర్ కలెక్టరేట్‌లో ఉండే జిల్లా మేజిస్ట్రేటు, అంటే డీఎం. లిఫ్టు, జనరేటరు, గేటు మాత్రం బిల్డరువో, ఫ్లాట్ల యజమానుల సంఘానివో. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిందనుకోండి, అందరికీ వరసపెట్టి ఫోన్లు చెయ్యండి. ఒక్కొక్కరూ ఇంకొకరి నంబరు ఇస్తారు. ఆ రోజుల్లో అవతల రింగుకు ముందు ఖళ్లుఖళ్లుమని దగ్గు వినబడేది, గుర్తుందా? సాయంత్రానికి ఫోన్లో ఎవరు దగ్గారో, ఇంట్లో ఎవరు దగ్గారో తేడా తెలియదు. సగం ఆందోళన అక్కడే తీరిపోతుంది.

అధికారుల నంబర్లు పేరుతో సేవ్ చేసుకోవద్దు, పదవితో చేసుకోండి. 2020 మార్చి 30న ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఇక్కడి గౌతమబుద్ధ విశ్వవిద్యాలయంలో సమీక్ష పెట్టి, కేసులు ఎందుకు పెరిగాయని గట్టిగా నిలదీశారు. పొద్దుగూకి పొద్దు పొడిచేలోపు డీఎం కుర్చీలో బి.ఎన్.సింగ్ బదులు సుహాస్ ఎల్.వై. ఉన్నారు. ఈయన పారా బ్యాడ్మింటన్ ఆటగాడు, మరుసటేడు సెప్టెంబరులో టోక్యో పారాలింపిక్స్ నుంచి రజత పతకం పట్టుకొచ్చారు. మనుషులు మారినా సర్కారు నంబరు కుర్చీకే అంటుకుని ఉంటుంది. ఎత్తకపోవడం కూడా కుర్చీ గుణమేనని గ్రహిస్తే మనిషి మీద కోపం రాదు.

ఇక ఈ పెద్దలందరినీ పక్కనపెట్టి అసలు ప్రభుత్వాన్ని పట్టుకోండి. అది మీ సొసైటీ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. గ్రేటర్ నోయిడా వెస్ట్, అదే పాత నోయిడా ఎక్స్‌టెన్షన్, ఎటు చూసినా టవర్లే. ఆకాశంలో కాపురాలు పెట్టిన మనకు నేలతో ఉన్న చుట్టరికం ఆ గేటొక్కటే. లక్నో ఆదేశం ఒకటి, సూరజ్‌పూర్ ఆదేశం ఒకటి, సంఘం వాట్సాప్ ఆదేశం ఒకటి. మూడింటికీ పొత్తు కుదరనప్పుడు కర్ర ఎత్తాలా దించాలా అన్నది గార్డు భయ్యా తేల్చేవాడు. పనిమనిషి రావచ్చని పైవాళ్లు అన్నా, వద్దని సంఘం అంటే, రానట్టే. ఎక్కడో పల్లె నుంచి వచ్చిన ఆ కుర్రాడికి అంటువ్యాధుల చట్టం ఎవరూ చదివి వినిపించలేదు. చేతికో జ్వరం తుపాకీ ఇచ్చారు, అంతే.

ఆ తుపాకీ పనితనం దగ్గర నిలబడి చూడాల్సిందే. జనవరి చలిలో నుదుటికి గురిపెడితే అంకెకు బదులు 'ఎల్ ఓ' అని రెండక్షరాలు వచ్చేవి. యంత్రం లెక్కలకు అందనంత చల్లగా ఉన్నాడని అర్థం. ఆ లెక్కన మనిషి బతికుండే వీల్లేదు. భయ్యా ఆ అక్షరాలు చూసి, 'ఠీక్ హై' అని రిజిస్టరులో 97.4 వేసుకునేవాడు. మే నెల ఎండలో స్కూటరు దిగినవాడికి 102 చూపిస్తే, నీడలో కాసేపు నిలబెట్టి మళ్లీ 97.4 వేసేవాడు. ఆపైన చేతిలో శానిటైజరు రెండు చుక్కలు, తరవాత రిజిస్టరులో సంతకం. పెన్ను ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకాలికి పురికొసతో కట్టి ఉండేది. పొద్దుటి నుంచి పాలబ్బాయి, గ్యాసు సిలిండరతను, కొరియరు వాళ్లు, టెస్టు చేయించుకోవడానికి వెళ్లి తిరిగొచ్చిన నాలుగో అంతస్తాయన, అందరూ పట్టుకున్న పెన్నే. కాబట్టి శానిటైజరు ముందు, పెన్ను తరవాత. ఈ వరస మార్చకండి. మారిస్తే చేతులు శుభ్రపడే ప్రమాదం ఉంది.

మా టవర్లో ఒక రాజమండ్రి పిన్నిగారు మొదటి వారంలోనే ఈ రాజ్యాంగం అర్థం చేసుకున్నారు. "అతనికి జీవోలు తెలీవు నాయనా, ఆకలి తెలుసు" అని స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి కిందకి పంపేవారు. మేమంతా మాస్కులు కట్టుకుని గేటు దగ్గర కూరగాయల సంచుల కోసం పడిగాపులు కాస్తుంటే, ఆవిడ సంచి లిఫ్టెక్కి గుమ్మం ముందుకే వచ్చేది. మీరు దీన్ని లంచం అంటారేమో, నేను పౌరసంబంధాలు అంటాను.

ఆదేశాల విషయానికి వస్తే, చదవకండి, ఫార్వార్డ్ చెయ్యండి. ఈ జిల్లాలో 144 సెక్షను పొడిగింపులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉండేవి. సర్కారీ హిందీలో, ముద్ర మసకబారిన పీడీఎఫ్‌లో. చదివితే నష్టం. 2020 మార్చి 28న అప్పటి డీఎం, ఇంటి యజమానులు కార్మికుల్ని నెలరోజుల పాటు అద్దె అడగకూడదని ఆదేశమిచ్చారు. మంచి ఆదేశమే. చదవనివాళ్లు అద్దె మాఫీ అని మురిసిపోయారు. చదివినవాళ్లకు వాయిదా మాత్రమేనని తెలిసి నిద్రపట్టలేదు. ఏప్రిల్ 8న ఇంకా బాగా కలిసొచ్చింది. రాష్ట్రంలో 15 జిల్లాల్లో హాట్‌స్పాట్‌లను మాత్రమే మూస్తారన్నది అసలు వార్త. జిల్లా జిల్లానే మూసేస్తున్నారన్నది మనకు చేరిన వార్త. దాంతో జనం దుకాణాల మీద పడ్డారు. గుంపులు కూడవద్దని చెప్పే ప్రకటన విని అందరూ ఒకేచోట గుమిగూడటం మామూలు సంగతి కాదు, దానికి పైవాళ్లూ కిందవాళ్లూ కలిసికట్టుగా పని చెయ్యాలి. జులైలో శుక్రవారం రాత్రి పది నుంచి సోమవారం పొద్దున ఐదు దాకా, 55 గంటల లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ భాగ్యం వారవారం దక్కింది. శుక్రవారం సాయంత్రం కూరగాయలకు వెళ్లండి, ఊరంతా కనబడుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు దయచేసి బయటికి రాకండి. మే మొదటి వారంలో పోలీసులు ఆరోగ్య సేతు యాప్ ఫోన్లో లేకపోవడమే నేరమన్నారు, 188 సెక్షను కింద. బొత్తాల ఫోను వాడే తాపీమేస్త్రి, రిక్షా తాత అంతకుముందు ఎప్పుడూ సాంకేతిక నేరాలు చేసి ఎరగరు.

కాపురం ఇక్కడ, కొలువు ఢిల్లీలో పెట్టుకోండి. సరిహద్దు అంటే ఏమిటో అప్పుడు గాని తెలియదు. ఏప్రిల్ 21న మన జిల్లా ఢిల్లీ దారి మూసింది. జూన్ 1న ఢిల్లీ తన దారి తాను మూసుకుంది. జూన్ 4న సుప్రీంకోర్టు, రాజధాని ప్రాంతమంతటికీ కలిపి ఒకే పాసు విధానం ఆలోచించమని మూడు రాష్ట్రాలకూ చెప్పాల్సి వచ్చింది. ఆదివారం పూట ఆంధ్రా భవన్ బిర్యానీకి కారు తీసే మనవాళ్లకు అశోకా రోడ్డు అమెరికా అంత దూరమైంది. మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు. 21 స్టేషన్ల ఆక్వా లైను మార్చి 22న ఆగి సెప్టెంబరు 7న గాని కదల్లేదు.

కూలీలకు ఒక సలహా: సొంత కారు కొనుక్కోండి. లాక్‌డౌన్ పెట్టిన మూడు రోజులకే జనం నెత్తిన మూటలు, చంకన పిల్లలతో నడిచారు. ఇక్కడ మొదలయ్యే యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు. కార్ల కోసం కట్టిన రోడ్డు మరి, నడిచేవాడికి దాని పొడవునా నీడ ఎక్కడిది? మార్చి 28న రాష్ట్రం వెయ్యి బస్సులు పెడతానంది. ముందుగా తెలిస్తే బస్సు కోసం ఆగేవాళ్లు, ఆగితే ఏం తినేవాళ్లో అది వేరే శాఖ.

జబ్బు చెయ్యాలనుకుంటే కరోనాయే చెయ్యనివ్వండి, అందులో పేచీ తక్కువ. కాస్నాలోని ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ, అదే జిమ్స్, ఆ రోజుల్లో రాత్రింబవళ్లు పనిచేసింది. ఏ జబ్బో తేలనివాళ్లకే కష్టం. జూన్ 5న ఎనిమిది నెలల గర్భిణి ఒకామె ఊపిరాడక ఈ చుట్టుపక్కల ఆసుపత్రి తరవాత ఆసుపత్రి, ఎనిమిది గుమ్మాలు తొక్కింది. 13 గంటలు తిరిగాక అంబులెన్సులోనే పోయింది. విచారణ వేశారు. ఆమె భర్త కూడా ఆ 13 గంటల్లో అందరూ చెప్పే సలహాలన్నీ పాటించాడు.

పాజిటివ్ వచ్చి ఇంట్లోనే ఉండిపోతే, తలుపు మీద కాగితం అంటించుకోవడం మరవకండి. ఇరుగుపొరుగుకు ఎంతో సాయం. తలుపులు చూసుకుంటూ నడిచేవాళ్లకు ఏ అంతస్తులో ఊపిరి బిగబట్టాలో తెలుస్తుంది. సమర్థాధికారి ఉత్తర్వు ఉంటే తప్ప అలా అంటించకూడదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు అంది గాని, కాగితం అంటించడానికి జిగురు చాలు, తీయడానికి వేడినీళ్లు, గరిటె, ఓపిక అన్నీ కావాలి. మీ ఇంటి వైద్య వ్యర్థాలు పసుపు సంచిలో వేరుగా కట్టాలని అప్పటి నిబంధన. ఆ సంచులు ఎక్కడ దొరుకుతాయో చెప్పే నిబంధన లేదు గనుక మామూలు సంచి మీద పసుపు రాసి పెట్టిన ఇల్లాలు కూడా ఉంది. అది పట్టుకుపోయిన మనిషి చేతికి ఒక్కోనాడు తొడుగు ఉండేది, ఒక్కోనాడు ఉండేది కాదు. బండి మాత్రం రోజూ వచ్చింది. నీళ్లూ వచ్చాయి. ఇవి ఎవరి పుణ్యాన వచ్చాయో కనుక్కోబోకండి, పేర్లు తెలిస్తే దండం పెట్టాలనిపిస్తుంది. దండాలన్నీ మార్చి 22 సాయంత్రం ఐదింటికి పళ్లేలు కొట్టి ఒకేసారి తీర్చేశాం కదా.

మీ సెక్టారు పేరు ఊరికి ఫోన్లో చెప్పొద్దు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఈ ఊరు కట్టినవాళ్లు ముచ్చటపడి సెక్టార్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఒమిక్రాన్. 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థకూ అదే ముచ్చట పుట్టింది. "టీవీలో అంతా డెల్టా డెల్టా అంటున్నారు, మీ ఇల్లు అక్కడే కదమ్మా, ఉన్నపళంగా ఖాళీ చేసి వచ్చెయ్యండి" అని ఒక తెనాలి అత్తగారు కోడలికి ఫోన్. "మీరుండేదీ కృష్ణా డెల్టాయే కదత్తయ్యా" అంటే ఆవిడకు ఇంకా దడ పుట్టింది. నవంబరు 26న ఒమిక్రాన్ వచ్చింది, ఆ సెక్టారు వాళ్ల వంతు. తరవాతి అక్షరం 'పై' సెక్టారు వాళ్లు ఇప్పటికీ కొంచెం బిక్కుబిక్కుమంటూ ఉన్నారని వినికిడి.

టీకా దగ్గర చురుకు కావాలి. 2021 మేలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కోవిన్ పోర్టల్‌లో స్లాట్లు తెరుచుకోగానే కళ్లముందే మాయమయ్యేవి. మొదట్లో అది ఒక్క ఇంగ్లీషులోనే మాట్లాడేది. గ్రేటర్ నోయిడా పిన్‌కోడు కొట్టి కూర్చుంటే ఢిల్లీవాళ్లు ఎగరేసుకుపోతారు. అలాంటప్పుడు మనం ఇంకా లోపలి పల్లెకు వెళ్లి అక్కడివాళ్లవి ఎగరేసుకురావాలి. ఆ పల్లెటూరాయన ఎక్కడికి వెళ్లాలన్న సందేహం మీకొద్దు. అతనికి స్మార్ట్‌ఫోన్ లేదు కనుక స్లాటు పోయిన సంగతే తెలియదు.

రెండు డోసులూ అయ్యాక సర్టిఫికెట్ ప్రింటు తీసి, జగత్ ఫార్మ్ మార్కెట్‌కు వెళ్లి లామినేట్ చేయించండి. అక్కడి వరసలో మాస్కు గడ్డం కింద పెట్టుకున్నవాళ్ల వెనక నిలబడితే పని త్వరగా అవుతుంది, మాట స్పష్టంగా వినబడుతుంది గనుక. లామినేషన్ మెరుపుకు క్యూఆర్ కోడ్ సరిగ్గా స్కాన్ కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. గేటు దగ్గర స్కాన్ చేసేది ఎవరు గనక? పర్సులో పట్టే చిన్న సైజు అడగండి, ఆధార్ వెనక ఇమిడిపోతుంది.