పొరుగు రాష్ట్రం బండికి పనికిరాని సలహాలు

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు దేశం నలుమూలలకీ వెళ్తాయి. మొక్కలు వెళ్ళిన దారినే బండ్ల కబుర్లు తిరిగొస్తాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటే నిలబెట్టింది. దాంతో అక్కడి ఇన్నోవాలు, ఫార్చ్యూనర్లు చవగ్గా బయటి రాష్ట్రాల దారి పట్టాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ అయితే కోరినట్టు మార్చి ఇచ్చే జీపులకు పేరుపడ్డ ఊరు. ఫోన్లో ఆ ఫోటోలు చూసి మన కుర్రాళ్ళు బయానా పంపేస్తున్నారు. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్ళకి చెడు ఉద్దేశం ఉండదు, కానీ ఆ మాట నమ్మితే డబ్బు పోయేది కొన్నవాడిది. నాకు తరచూ వినబడే తప్పుడు సలహాలేమిటో, అవి ఎక్కడ తప్పో చెబుతాను.

"ఏడాది దాకా ఎవరూ అడగరు, పాత నంబరుతోనే తిప్పుకో." ఈ సలహాలో సగం నిజం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. ఉద్యోగం మీద బదిలీ అయి సొంత కారు వెంట తెచ్చుకున్నవారికి ఆ గడువు పనికొస్తుంది. కొనుక్కున్నవాడి సంగతి వేరు. యాజమాన్యం మారినట్టు 30 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. ఏడాది గడువు నంబరు మార్పుకేగాని పేరు మార్పుకు కాదు.

"ఫారాల మీద సంతకాలున్నాయిగా, ఇంకేం కావాలి?" అమ్మినవాడు సంతకం చేసి ఖాళీగా వదిలిన యాజమాన్య మార్పిడి ఫారాలు (29, 30) చేతిలో పెట్టుకుని రెండేళ్ళు తిరిగేవాళ్ళున్నారు. ఆలోగా బండి ఎవరినైనా గుద్దితే, ఆర్టీఓ రికార్డులో పేరున్నవాడే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎక్కడో లూధియానాలో ఉన్న అమ్మకందారు నష్టపరిహారం కట్టాల్సొస్తుంది. మనం అమ్మేటప్పుడు మనకూ అదే గతి. పైగా బీమా మాట: చేతులు మారినా థర్డ్ పార్టీ కవరు బండితోపాటే వస్తుంది, సొంత బండికి జరిగిన నష్టం మాత్రం పాలసీ మన పేరుకు మారేదాకా మన నెత్తినే.

"హైదరాబాద్ బండేగా, అంతా ఒకటే." ఒకటి కాదు. 2014 జూన్ 2 తర్వాత అదీ పొరుగు రాష్ట్రమే. ఏపీ 09 అని చూసి మన బండే అనుకోకండి. ఆ నంబరు హైదరాబాద్ ఖైరతాబాద్ ఆఫీసుది, దాని రికార్డు ఇప్పుడు తెలంగాణ దగ్గరుంది. దానికీ అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) తేవాలి, లైఫ్ ట్యాక్సు కట్టాలి.

"యానాంలో ఎవరి అడ్రసో పెట్టి పుదుచ్చేరి పీవై నంబరు వేయించెయ్." మన డెల్టాలో చాలామంది నోట వినబడే మాట ఇది. యజమాని ఎక్కడ నివసిస్తున్నాడో, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయాలని 40వ సెక్షన్ చెబుతోంది. కడియంలో ఉంటూ యానాం అడ్రసు చూపిస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. మిగిలిన పన్ను కంటే ఆ భయం ఖరీదైనది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా మార్పుల గురించి: "ఇన్‌స్పెక్షన్ రోజు విప్పేసి, మర్నాడు మళ్ళీ బిగించుకోవచ్చు."

52వ సెక్షన్ సారాంశం చెబుతాను. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. కేరళ ఆర్టీఓ నడిపిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో చేరిన 182ఏ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ఒక్కో మార్పుకు అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. పైకప్పు ఒకటి, లోపల సీట్లు ఒకటి, ఇంజిను ఒకటి. సీ బుక్కులో పెట్రోలు అని ఉండి లోపల డీజిల్ ఇంజిను ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపేస్తాడు, ఆపాలి కూడా. ఆమోదం పొందిన గ్యాస్ కిట్టుకీ, అనుమతితో అదే రకం ఇంజిను వేయించుకోవడానికీ చట్టం దారి ఇచ్చింది. రంగు మార్చినా రికార్డులో ఎక్కించాలి. అద్దాలకు నల్ల ఫిల్ము 2012 నుంచీ కుదరదు.

మన ఆస్ట్రేలియా బంధువులు ఇక్కడొక మాట కలుపుతారు: "మా సిడ్నీలో మార్చిన కారు కూడా రిజిస్టర్ అవుతుందండీ." అవుతుంది. అక్కడా రాష్ట్రాన్నిబట్టి నియమాలు మారతాయి. న్యూ సౌత్ వేల్స్‌లో పెద్ద మార్పులకు అధీకృత ఇంజినీరు బండి చూసి ధ్రువపత్రం ఇవ్వాలి, ఆపైన "బ్లూ స్లిప్" తనిఖీ. మన దగ్గర అలా ఇంజినీరు పత్రంతో మామూలు జనం మార్పులకు ఆమోదం తెచ్చుకునే దారి లేదు. ఆ ఏర్పాటు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. మెకానిక్కుల చేతి పని చూసినవాడికి ఆ కోరిక తప్పుగా తోచదు. వచ్చేదాకా చట్టం ఉన్నట్టే నడుచుకోవాలి.

జీపుల విషయంలో చాసిస్ నంబరు ముందు చూడండి. కొన్ని పాత జీపులు రెండు మూడు బండ్ల భాగాలతో తయారవుతాయి. మొక్కకు అంటు ఏ చెట్టు వేరు మీద కట్టారో అడిగి కొనే మన వాళ్ళు, చాసిస్ మీద చెక్కిన అంకెలు మాత్రం చూడరు. ఆ అంకెలు సీ బుక్కుతో సరిపోవాలి, మళ్ళీ కొట్టిన గుర్తులు కనబడకూడదు. పెన్సిలుతో అచ్చు తీసి, డబ్బు కట్టకముందే ఫోటో పంపించుకోండి. అమ్మేవాడు వద్దంటే బండి వదిలెయ్యండి. నర్సరీ పని కోసం టాటా ఏస్, బొలెరో పికప్ తెచ్చుకునేవారు, కుండీలు పేర్చడానికి వెనక ఇనప అరలు వెల్డింగు చేసి ఉంటే అది బాడీ మార్పు కిందికి వస్తుందేమో తూకం వేసుకుని, అవసరమైతే అమ్మేచోటే తీయించండి.

అందుకే నేను చెప్పే వరుస ఇది. మార్పులన్నీ అమ్మేవాడి ఊళ్ళోనే అసలు రూపానికి తెప్పించాలి, ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. అప్పు ఉంటే 35వ ఫారంతో తీర్చినట్టు చూపించాలి. తర్వాత 28వ ఫారంతో అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, దొంగబండి కాదని పోలీసు రికార్డు. ఇవి చేతికొచ్చాకే మిగతా డబ్బు, ఆ తర్వాతే బండి. ఇక్కడ 27, 29, 30 ఫారాలు, రాజమహేంద్రవరంలో ఇన్‌స్పెక్టరు ముందు బండి. మొదటి కొనుగోలు ఇన్వాయిసు నకలు కూడా అడిగి తీసుకోండి, లైఫ్ ట్యాక్సు లెక్కకు ధరా, బండి వయసూ రెండూ చూస్తారు. పాత రాష్ట్రంలో ముందే కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు, అది పాత యజమాని పేరున వస్తే ఎవరికి చెందాలో అమ్మకం కాగితంలో ముందే రాయించుకోండి.